మంచం పట్టిన పెద్దలు – తడిని తెలిపే సెన్సర్లు : ఒక పరిశీలన



ఈ వార్షిక సంచికలో ఇంతకుముందు పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి రాస్తూ వచ్చాము. ఈసారి నలుగురిలో ఎవరూ పైకి మాట్లాడని ఒక విషయం రాస్తున్నాము. చదివేవారికి మొదట కాస్త ఇబ్బందిగా ఉండవచ్చు. కానీ అరవై దాటిన పెద్దలున్న ప్రతి ఇంటికీ ఇది ఏదో ఒక రోజు వచ్చే విషయమే.

మొన్న రంజాన్ తర్వాత మన దాతల్లో ఒకరు మమ్మల్ని అడిగారు. "మాస్టారూ, విదేశాల్లో ముసలివాళ్ళ పక్క తడిస్తే వెంటనే ఫోనుకు కబురు వచ్చే యంత్రాలు ఉన్నాయట. మనవాళ్ళు వెళ్ళి చూసి వస్తున్న మంచం పట్టిన పెద్దలకు అవి కొనిపెడితే ఎలా ఉంటుంది? డబ్బు నేనిస్తాను." మంచి మనసుతో అడిగిన ప్రశ్న. అవుననడానికైనా కాదనడానికైనా ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకోవాలి. మేము చదివి తెలుసుకున్నదీ, మా ఇంట్లో అనుభవించి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ పెడుతున్నాము.

నర్సింగ్ హోం అంటే ఏది?

గుంటూరు కొత్తపేటలో నర్సింగ్ హోం అంటే ఆసుపత్రి. జ్వరానికో, కాన్పుకో వెళ్ళి నాలుగు రోజుల్లో ఇంటికి వస్తాము. జపాన్, అమెరికా, యూరప్ దేశాల్లో ఆ మాటకు అర్థం వేరు. సొంతంగా లేవలేని, తినలేని, స్నానం చేయలేని పెద్దలు ఏళ్ళ తరబడి ఉండే నివాసం అది. అక్కడ రాత్రిపూట కొద్దిమంది సిబ్బందే ఎంతోమంది పెద్దలను చూసుకోవాలి. ఎవరి పక్క తడిసిందో తెలియక గంటగంటకూ ఒక్కొక్కరిని లేపి, బట్ట పక్కకు తీసి చూడాలి. పొడిగా ఉన్నవారికి నిద్ర చెడుతుంది, తడిసినవారు తమ వంతు వచ్చేదాకా అలాగే పడి ఉంటారు. ఈ ఇబ్బందిలోంచి పుట్టినవే ఈ సెన్సర్లు.

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అలాంటి నివాసాలు అరుదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది పేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఒకటైనా ఉండాలని అందులో ఉంది. అయినా మన దగ్గర మంచం పట్టిన మనిషికి నర్సింగ్ హోం అంటే వసారాలో వేసిన నులక మంచమే. నర్సు అంటే కోడలో, కూతురో. ఈ తేడాను గుర్తు పెట్టుకొని మిగతాది చదవాలని మనవి.

ఎందుకు ఆపుకోలేరు?

"వయసైంది, అంతే" అని వదిలేయడం తప్పు. మూత్రం ఆపుకోలేకపోవడంలో నాలుగు రకాలు ముఖ్యమైనవి.

మొదటిది, దగ్గినా తుమ్మినా బరువెత్తినా కాస్త జారిపోవడం. కాన్పులు ఎక్కువైన ఆడవారిలో ఇది సాధారణం. రెండవది, రావాలనిపించిన మరుక్షణమే ఆగకపోవడం. పక్షవాతం, పార్కిన్సన్ జబ్బు ఉన్నవారిలో ఎక్కువ. మూడవది, మూత్రాశయం నిండి పొంగి చుక్కచుక్కగా కారడం. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవారిలో, ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో చూస్తాము. నాలుగవది, మూత్రాశయం బాగానే ఉన్నా మనిషి సమయానికి చేరలేకపోవడం. మోకాళ్ళ నొప్పి, చూపు తగ్గడం, పెరటి చివర చీకట్లో ఉన్న లెట్రిన్, కింద కూర్చొని లేవలేకపోవడం ఇందుకు కారణాలు. మన పల్లెల్లో ఈ నాలుగవ రకం ఎక్కువని మా అనుభవం. దీనికి సెన్సరు అక్కర్లేదు, మంచం పక్కన ఒక కమోడ్ కుర్చీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు చాలు.

ఇవిగాక మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, అదుపు తప్పిన షుగరు, బీపీకి ఇచ్చే నీరు తీసే మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఇవన్నీ డాక్టరు చూసి సరిచేయగలిగినవి. కాబట్టి ఏ యంత్రమైనా కొనేముందు ఒకసారి డాక్టరుకు చూపించడం మొదటి మెట్టు.

తడి చేసే హాని

తడి ఎక్కువసేపు ఉంటే చర్మం నాని మెత్తబడుతుంది. మూత్రంలోని యూరియా నుంచి అమోనియా పుడుతుంది. దాంతో చర్మానికి సహజంగా ఉండే కాస్త ఆమ్లగుణం పోయి, రక్షణ సడలుతుంది. మలం కూడా తగిలితే అందులోని ఎంజైములు చర్మాన్ని ఇంకా త్వరగా తినేస్తాయి. అలా నానిన చర్మం మీద శరీర బరువు పడితే, పక్క మార్చేటప్పుడు దుప్పటి ఒరుసుకుంటే, పుండు మొదలవుతుంది. నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి చూడాలి. నొక్కినా ఎరుపు పోకపోతే అది పడక పుండుకు తొలి గుర్తు.

మనసుకు జరిగే హాని ఇంకా పెద్దది. పెద్దలు సిగ్గుతో నీళ్ళు మానేస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, ఆపుకోవడం ఇంకా కష్టమవుతుంది. మన మే నెల ఎండల్లో నీళ్ళు మానడం ప్రాణానికే ముప్పు. పెళ్ళిళ్ళకు రావడం మానేస్తారు. "పాక్ లేను" అని నమాజు మానేసినవారిని కూడా మేము చూశాము. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇలా మూత్రం ఆగక కారేవారిని మాజూర్‌గా ఎంచి, ప్రతి నమాజు వేళకు ఒక వుజూతో సరిపెట్టుకునే సౌలభ్యం ఇచ్చారు. షరతులు మీ ఆలిమ్ గారిని అడిగి తెలుసుకోండి. ఈ సౌలభ్యం ఉందన్న సంగతి తెలియకుండానే ఎందరో ముసలివారు ముసల్లా మడిచి పెట్టేశారు.

సెన్సరు ఎలా పనిచేస్తుంది?

దీని వెనకున్నది ఎనిమిదో తరగతి పాఠమే. స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు, ఉప్పు కలిపితే ఎల్.ఇ.డి. వెలుగుతుంది. పొడి దూది విద్యుత్తును పోనివ్వదు. మూత్రంలో లవణాలు ఉంటాయి కాబట్టి, దానితో తడిసిన దూది పోనిస్తుంది. డైపర్ లోపల గానీ, పక్క మీద పరిచే షీటులో గానీ రెండు సన్నని విద్యుత్ గీతలు కలవకుండా ఉంచుతారు. తడి ఆ రెంటినీ కలపగానే పైన తగిలించిన చిన్న పెట్టెకు తెలుస్తుంది. అది గంట మోగిస్తుంది, లేదా ఫోనుకు కబురు పంపుతుంది.

ఇందులో మెట్లున్నాయి. అన్నిటికన్నా చవకైనది రంగు మారే గీత. చాలా డైపర్ల మీద ఇప్పటికే ఉంది. తడిస్తే పసుపు గీత నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది. బ్యాటరీ లేదు, ఖర్చు లేదు. కాకపోతే దుప్పటి తీసి చూడాలి. తర్వాతిది ఇప్పుడు చెప్పిన గంట. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు బ్యాటరీ లేని ఒక రేడియో చీటీని డైపర్‌లో ఉంచి చూపించారు. చీటీ ఖర్చు 2 సెంట్ల లోపే అన్నారు. కానీ దాని కబురును అందుకునే రీడరు యంత్రం దగ్గరలో ఉండాలి.

స్వీడన్‌కు చెందిన ఎస్సిటీ సంస్థ, టెనా పేరుతో అమ్మే సరుకులో మరో పద్ధతి పెట్టింది. సెన్సరున్న ప్యాడ్‌ను 72 గంటలు వాడతారు. ఏ వేళకు ఎంత మూత్రం పోతున్నదో అది నమోదు చేస్తుంది. తర్వాత దాన్ని తీసేసి, ఆ లెక్క ప్రకారం ఆ మనిషిని ఎప్పుడు లేపాలో, ఏ ప్యాడ్ వాడాలో నిర్ణయిస్తారు. అంటే సెన్సరు అక్కడ ఎప్పటికీ ఉండదు. మూడు రోజులు పాఠం చెప్పి వెళ్ళిపోతుంది.

జపాన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి ట్రిపుల్ డబ్ల్యూ సంస్థ తెచ్చిన డీఫ్రీ అనే పరికరాన్ని పొత్తికడుపు మీద అతికిస్తారు. గర్భిణికి చేసే స్కానింగు వంటి అల్ట్రాసౌండ్‌తో మూత్రాశయం ఎంత నిండిందో చూసి, తడవక ముందే కబురు చెబుతుంది. డైపర్ అవసరం లేకుండా చేయాలన్నదే ఆ పేరులోని అర్థం. జపాన్‌లో వృద్ధుల సంరక్షణకు 2000 సంవత్సరం నుంచి బీమా అమలులో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఇలా ముందే చెప్పే పరికరాలను ఆ బీమా సాయంతో కొనుక్కునే వీలు కల్పించారు.

మోరర్ గంట – మనకు చెప్పే పాఠం

బి.ఇడి. చదివినవారికి మోరర్ పేరు గుర్తుండవచ్చు. పక్క తడిపే పిల్లల కోసం మోరర్ దంపతులు 1938లో ఇలాంటి గంట పద్ధతినే ప్రచురించారు. షీటు తడిస్తే గంట మోగుతుంది, పిల్లవాడు లేస్తాడు. కొన్ని వారాలకు గంట మోగకముందే లేవడం అలవాటవుతుంది. అది నిబంధనం, అంటే కండిషనింగ్. అక్కడ నేర్చుకునేది పిల్లవాడు.

ముసలితనంలో మతిమరుపు వచ్చినవారు, పక్షవాతం వచ్చినవారు గంట విని అలా నేర్చుకోలేరు. అదే గంట, అదే షీటు, కానీ నేర్చుకోవలసినది మారిపోయింది. ఇప్పుడు నేర్చుకోవలసింది సేవ చేసేవారు. గంట విని లేచే మనిషి లేని ఇంట్లో ఆ గంటకు అర్థం లేదు. ఈ మాట మాకు పుస్తకంలో కన్నా ముందు మా ఇంట్లోనే తెలిసింది.

మా ఇంటి అనుభవం

మేము నూర్‌బాషాలము. మా తాతలు దూది ఏకి, పరుపులు కుట్టి బతికినవారు. ఆ ఇంట్లోనే మా అమ్మ పక్షవాతంతో రెండేళ్ళు మంచంలో ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది గానీ మతి పూర్తిగా ఉంది. తడిసిందని చెప్పడానికి సిగ్గుపడేది. గ్లాసుతో నీళ్ళిస్తే రెండు గుక్కలు తాగి, మిగతావి మంచం కింద ఒంపేది. మాకు చాలా రోజులు తెలియలేదు.

ఒకరోజు మా అక్క వచ్చి అమ్మకు స్నానం చేయిస్తూ నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు చూసింది. ఆ ఇంట్లోనే ఉన్న మేము చూడలేదు. కొడుకు చూడకూడని చోటు అని మేము తప్పుకున్నాము, బడికి వెళ్ళివచ్చే తొందరలో మా ఇంటావిడ చీకట్లోనే బట్ట మార్చేది. ఎవరినీ అనడానికి లేదు.

దుబాయిలో ఉన్న మా మేనల్లుడికి సంగతి తెలిసి, పక్క మీద పరిచే సెన్సరు షీటు, గంట పంపాడు. మొదటి రాత్రి మూడుసార్లు మోగింది. రెండుసార్లు తడి, ఒకసారి చెమట. మే నెల, పైగా కరెంటు పోయింది. వారం గడిచాక మా ఇంటావిడ ఒక మాట అన్నది. "మోగితే నాకు తెలుస్తుంది సరే. అమ్మను ఒత్తిగిలించి పట్టుకోవడానికి ఇంకో చెయ్యి ఏదీ?" అప్పటిదాకా గంట మోగితే మేము అటు తిరిగి పడుకునేవాళ్ళము. ఆ రాత్రి నుంచి లేచాము. అమ్మ మీద దుప్పటి కప్పి ఉంచి, భుజం దగ్గర పట్టుకొని మేము ఒత్తిగిలిస్తే, ఆమె బట్ట మార్చేది. పరదా పోలేదు, పని ఆగలేదు.

ఇంకొకటి చేశాము. పాత హాజరు పట్టీ ఒకటి తెచ్చి, గంట మోగిన వేళలు రాశాము. మూడు నాలుగు రోజులకే వరస కనిపించింది. రాత్రి పదకొండు దాటాక ఒకసారి, ఫజ్ర్ అజాన్‌కు కాస్త ముందు ఒకసారి, పొద్దున టీ తాగిన గంటకు ఒకసారి. ఆ వేళలకు పది నిమిషాలు ముందే బెడ్‌పాన్ పెట్టడం మొదలుపెట్టాము. నెల తిరిగేసరికి చాలా రాత్రులు పక్క పొడిగానే తెల్లవారింది. అమ్మ మళ్ళీ నీళ్ళు తాగింది. మంచంలోనే సైగలతో నమాజు మొదలుపెట్టింది. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. యంత్రాన్ని బీరువాలో పెట్టేశాము, పట్టీ మాత్రం చివరిదాకా గోడకు వేలాడింది.

మన ప్రాంతానికే చెందిన ఒక జాగ్రత్త కూడా అప్పుడే తెలిసింది. సాయంత్రాలు సాయానికి వచ్చే ఆమె మిరపకోతల రోజుల్లో కోతకు వెళ్ళి వచ్చేది. ఆమె ముట్టుకుంటే అమ్మ కేకలు పెట్టేది. సబ్బుతో కడుక్కున్నా ఘాటు చేతిని వదలదు. ముందు నూనె రాసి తుడుచుకొని, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటే తగ్గింది. మిరపకాయ ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఒరిసిన చర్మం ఉన్నవారికి ఆ చేతితో సేవ చేయడం పుండు మీద కారం చల్లడమే. కోతల కాలంలో చేతి తొడుగుల పెట్టె ఇంట్లో ఉంటే మంచిది.

మూడు రోజుల పుస్తకం

కాబట్టి ఎవరైనా చేయగలిగిన పద్ధతి ఇది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి. వేళ, తాగింది, తడా పొడా, బెడ్‌పాన్‌లో పోసిందా. పగలు రెండు గంటలకొకసారి, రాత్రి వీలైనన్నిసార్లు చూసి రాయండి. నాలుగో రోజు చదివితే ఆ మనిషి వేళలు తెలుస్తాయి. ఆ వేళలకు ముందే మర్యాదగా అడగండి: "అత్తమ్మా, ఒకసారి పెట్టమంటారా?" పొడిగా ఉంటే మంచి మాట చెప్పండి, తడిస్తే ఏమీ అనకండి. ఇలా అడిగి చేయించే పద్ధతిని 1980లలో అమెరికా నర్సింగ్ హోంలలో పరీక్షించి చూశారు. అందరికీ ఫలించలేదు, కొందరికి బాగా ఫలించింది. ఎవరికి ఫలిస్తుందో మూడు రోజుల ప్రయత్నంలోనే చాలావరకు తెలిసిపోతుంది.

దాతలకు మా మనవి

ఇప్పుడు ఆ దాత అడిగిన ప్రశ్నకు వస్తాము. సెన్సర్లు వద్దని మేము అనడం లేదు. మాట పూర్తిగా పోయినవారికి, స్పర్శ తెలియనివారికి, మతిమరుపు ముదిరినవారికి, రాత్రి లేచే మనిషి ఇంట్లో ఉన్నచోట, అవి మేలే చేస్తాయి. ముఖ్యంగా ఆడవారి విషయంలో, మాటిమాటికీ దుప్పటి తీసి తడిమి చూసే అవసరం తగ్గుతుంది. అది మర్యాద కాపాడే సంగతి. అయితే డబ్బు పెట్టే వరస ఇలా ఉంటే బాగుంటుందని మా సలహా.

ఒకటి, చేతులు. వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్ళి స్నానం చేయించి, పుండ్లు చూసి, ఇంటివారికి నేర్పే శిక్షణ పొందిన ఆడమనిషికి జీతం. కేరళలో ఈ దారి ఇప్పటికే ఉంది. కోళికోడ్‌లో 1993లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలైంది. తర్వాత మలప్పురం జిల్లాలో ఊరివాళ్ళే చిన్న చిన్న చందాలు వేసుకొని, స్వచ్ఛంద సేవకులను తయారుచేసి, మంచం పట్టినవారిని ఇంటింటికీ వెళ్ళి చూసుకునే పద్ధతిని నిలబెట్టారు. 2008లో కేరళ ప్రభుత్వం దానికొక విధానమే ప్రకటించింది.

రెండు, వస్తువులు. కమోడ్ కుర్చీ, బెడ్‌పాన్, మగవారికి యూరిన్ పాట్, రబ్బరు షీట్లు, గాలి పరుపు. ఒక ఇంట్లో పని తీరాక కడిగి ఇంకో ఇంటికి ఇవ్వవచ్చు.

మూడు, ప్యాడ్లు. మేము కొన్న రోజుల్లో డైపర్ ఒక్కటి సుమారు 40 రూపాయలు. రోజుకు నాలుగంటే నెలకు 4,800. వృద్ధాప్య పింఛను 4,000. లెక్క మీరే చూడండి. పగలు మెత్తని పాత నూలు చీర మడతలు, రాత్రికి మాత్రం డైపర్ వాడితే ఖర్చు తగ్గుతుంది. నూలుబట్టను వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. వాడిన డైపర్లను కాగితంలో చుట్టి చెత్త బండికి విడిగా ఇవ్వాలి గానీ, సాగర్ కాలువలో వేయకూడదు.

నాలుగు, కాగితాలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోలేక 4,000తోనే ఆగిపోయినవారు మన వీధుల్లో ఉన్నారు. ఒక ఆటో, ఒక పూట, ఒక చదువుకున్న కుర్రవాడు చాలు. వృద్ధులకు ఏ సలహా కావాలన్నా 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

అయిదు, సెన్సర్లు. ప్రతి ఇంటికీ ఒకటి కొనవద్దు. సొసైటీ పేరున రెండో మూడో కొని, ఒక్కొక్క ఇంట్లో వారం పది రోజులు ఉంచి, వేళలు తెలుసుకున్నాక ఇంకో ఇంటికి పంపితే మేలు. స్వీడన్‌వారు 72 గంటల్లో చేస్తున్నదీ ఇదే.

ఈ మాటలు ఆ దాతతో చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న కూడా నీళ్ళు తాగడం లేదు మాస్టారూ, కారణం ఇదేనేమో" అన్నారు. ఇంటికి వెళ్ళి మంచం కింద చూడమన్నాము.

మీలో ఎవరింట్లో పెద్దలున్నా ఈ రాత్రి ఒకసారి పక్కన కూర్చొని, నెమ్మదిగా అడగండి. వారు చెప్పరు. మీరు మళ్ళీ అడగండి. మనల్ని ఎన్ని రాత్రులు పొడిబట్టలోకి మార్చి పడుకోబెట్టారో వారు ఎప్పుడూ లెక్క రాయలేదు. మన వంతు వచ్చినప్పుడు విసుగు లేకుండా చేసే మనసును, చేయగలిగే బలాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.